క్రొకడైల్ ఇంజను నమూనాలు: కోస్తా గాలిలో పదేళ్లు దాటాక

స్విట్జర్లాండులోని గొత్తార్డ్ కొండదారిలో గూడ్సు బళ్లు లాగేందుకు 1919 నుంచి తయారైన సీఈ 6/8 విద్యుత్ ఇంజన్లకు ముందూ వెనుకా పొడుగాటి మూతులు ఉండడం వల్ల క్రొకడైల్ అనే పేరు స్థిరపడింది. వాటి హెచ్ఓ నమూనాలు, అంటే అసలులో 87వ వంతు ఉండి 16.5 మిల్లీమీటర్ల వెడల్పు పట్టాల మీద నడిచేవి, కావలిలోని మా ఇంట్లో దశాబ్దానికి పైగా ఉన్నాయి. పెట్టె విప్పిన వారంలో రాసే సమీక్షలు రంగునూ రివెట్లనూ మెచ్చుకుని ఊరుకుంటాయి. సముద్రపు గాలికీ రోహిణి కార్తె ఎండలకూ వీటిలో ఏది తట్టుకుంటుంది, ఏది పాడవుతుంది అన్నదే నేను చెప్పదలచినది.

అన్నిటికంటే బాగా నిలిచినది వాటి నడక. దాదాపు 20 మీటర్ల అసలు ఇంజను కొండ మలుపుల్లో తిరగడానికి వీలుగా దాని బాడీని మూడు భాగాలుగా చేసి కీళ్లతో కలిపారు. మూతుల్లో ఉన్న మోటార్ల శక్తి పళ్లచక్రాల ద్వారా ఒక అడ్డ ఇరుసుకు, అక్కడి నుంచి రాడ్ల ద్వారా చక్రాలకు చేరుతుంది. నమూనాలోనూ ఆ కీళ్లు ఉన్నందువల్లే సుమారు 23 సెంటీమీటర్ల ఇంజను 36 సెంటీమీటర్ల వ్యాసార్ధం గల మలుపులో పట్టా తప్పకుండా తిరుగుతుంది. వేగంగా పరుగెత్తిస్తే ఏ నమూనా అయినా బాగానే కనిపిస్తుంది. మనిషి నడకంత నెమ్మదిగా పోనిచ్చినప్పుడు రాడ్లు ఎక్కడా పట్టేయకుండా తిరగడమే అసలు పరీక్ష. లోహపు బాడీ ఉన్నవి తమ బరువు వల్ల అందులో ఇప్పటికీ నెగ్గుతున్నాయి. ప్లాస్టిక్ బాడీ ఉన్న ఒకదానిలో పనితనం మరింత సూక్ష్మంగా ఉన్నా, దాని చేతికమ్ములు దుమ్ము తుడిచేటప్పుడే విరిగిపోయాయి.

విచిత్రమేమిటంటే, అద్దాల బీరువాలో భద్రంగా ఉన్నవే ఎక్కువ దెబ్బతిన్నాయి. కదలిక లేకపోవడంతో పళ్లచక్రాల్లోని నూనె జిగురుగా మారింది, పట్టు కోసం చక్రాలకు తొడిగే రబ్బరు రింగులు వేడికి బిరుసెక్కి పగిలాయి. తరచుగా నడిచే ఇంజన్లకు మాత్రం పాత నూనె తుడిచి, ప్లాస్టిక్‌ను తినని పలుచని నూనె ఒక చుక్క వేస్తే సరిపోతోంది.

కొనేవారు ముందుగా విద్యుత్ పద్ధతిని తేల్చుకోవాలి. 1947లో హెచ్ఓ క్రొకడైల్‌ను తెచ్చిన జర్మన్ బొమ్మ రైళ్ల కంపెనీ మెర్క్లిన్ పద్ధతిలో పట్టాల నడుమనున్న బొడిపెల నుంచి ఇంజను అడుగునున్న రేకు కరెంటు తీసుకుంటుంది. కరెంటు రెండు పట్టాల నుంచే అందే డీసీ పద్ధతికి చేసిన ఇంజను దాని మీద నేరుగా నడవదు. చాలా పాత సరుకైతే జింకు మిశ్రమంలోని మలినాల వల్ల బాడీ ఉబ్బి పగుళ్లిచ్చే ప్రమాదం ఉంది కనుక, ఫొటోలు మాత్రమే చూసి కొనకూడదు.

మా స్టేషన్ మీదుగా మన డబ్ల్యూఏపీ-4 విద్యుత్ ఇంజన్లు పోవడం చూసినవారు ఈ పరాయి ఇంజను మీద ఇంత మమకారమేమిటని అడుగుతుంటారు. కానీ బొంబాయి కనుమల్లో పనిచేసిన మన డబ్ల్యూసీజీ-1 గూడ్సు ఇంజను కూడా 1928లో, క్రొకడైల్ తయారైన స్విట్జర్లాండులోని వింటర్‌తూర్ కర్మాగారం నుంచే మొదలైన కీళ్ల ఇంజనే.

దిగుమతి సుంకంతో కలిపి ఖరీదు చాలా ఎక్కువ. అయినా ఒక్కటి కొని వారం వారం నడిపేవారికి నేను నిస్సంకోచంగా సిఫార్సు చేస్తాను. రెండోదానికి డబ్బు కూడబెట్టేలోగా రబ్బరు రింగులు, మోటారుకు కరెంటు అందించే బ్రష్షులు అదనంగా తెప్పించి ఉంచుకోవాలి.