కేబీఆర్ పార్కు మట్టి బాట: తొమ్మిదేళ్ల నడక, ఒక్క జారుడు

నాకు చెట్ల పేర్లు పెద్దగా తెలియవు. వేప, సీతాఫలం గుర్తుపడతాను, అంతే. ఫొటోలు తీసే అలవాటూ లేదు. తొమ్మిదేళ్లుగా బంజారాహిల్స్ కేబీఆర్ పార్కుకి వెళ్తున్నది ఒక్క దాని కోసమే: కాలి కింద మట్టి.

అంతకుముందు యూసుఫ్‌గూడలో మా అపార్ట్‌మెంట్ చుట్టూ సిమెంటు మీద నడిచేవాణ్ణి. పొద్దున ఇరవై రౌండ్లు వేస్తే మోకాళ్లు రాత్రికి వడ్డీతో సహా వసూలు చేసేవి. పార్కులో ఎర్రమట్టి, మొరం, పైన రాలిన ఆకులు. అడుగు వేస్తే నేల కాస్త లొంగుతుంది. నెల తిరక్కుండానే సలుపు తగ్గింది. దీనికి డాక్టరు సర్టిఫికెట్ ఏమీ లేదు, నా మోకాళ్ల మాటే.

టికెట్, పాసు, టైమింగ్స్ గేటు దగ్గర కనుక్కోండి. మధ్యాహ్నం మూసేస్తారన్నది మాత్రం గుర్తుంచుకోండి. ఇది 1998 నుంచి నేషనల్ పార్కు, అంటే ఊరి నడుమ 350 ఎకరాలకు పైనే ఉన్న అసలైన అడవి. నేను నడక మొదలుపెట్టిన కొత్తలో, 2016లో, ఫ్లైఓవర్ల కోసం దీని చుట్టూ చెట్లు కొట్టేస్తారని తెలిసి జనం నిరసనకు దిగారు. ఆ రోజుల్లో కనబడ్డవాళ్లందరికీ ‘ఈ బాట మీద నడిస్తే మోకాళ్ల నొప్పులే ఉండవు’ అని చెప్పి ఓ పదిమందినైనా చేర్పించి ఉంటాను.

ఆ మాట ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

రెండేళ్ల కిందట ఆగస్టులో ఒక రాత్రంతా వాన పడింది. తెల్లారేసరికి తెరిపిచ్చింది. వాన వెలిసిన పొద్దున అడవి వాసన వదులుకోవడం ఇష్టంలేక వెళ్లాను. వేసుకున్నవి అడుగంతా అరిగిపోయిన పాత బూట్లు. తప్పు అక్కడే ఉంది, పార్కుది కాదు. సగం చుట్టు అయ్యాక ఓ మలుపు దగ్గర, పల్లంలో, మొరం కొట్టుకుపోయి సన్నటి బంకమట్టి మిగిలింది. కాలు పెట్టడమే గుర్తుంది. తేరుకునేసరికి కూర్చుని ఉన్నాను, కుడిచేతి మణికట్టు నా మాట వినడం లేదు. పది గజాల దూరంలో ఒక నెమలి పెళ్లిచూపులకు వచ్చినవాడిలా తల అటూ ఇటూ తిప్పుతూ నన్నే పరీక్షగా చూస్తోంది.

ఏళ్ల తరబడి తల ఊపి పలకరించుకోవడమే తప్ప పేరైనా తెలియని ఒక పెద్దావిడ వెనకాలే వచ్చింది. ‘చెయ్యి సంగతి తర్వాత, ముందు కాళ్లు కదిపి చూడు బాబూ’ అంది. కదిలాయి. ఆవిడ చున్నీ విప్పి చేతికి ఊయలలా కట్టింది. అప్పుడు తెలిసొచ్చింది అసలు సంగతి. రోడ్డు మీద హారన్లు వినపడుతూనే ఉన్నాయి, కానీ ఆటో లోపలికి రాదు. ముందుకెళ్లినా వెనక్కెళ్లినా అరగంట పైనే నడక. ఊరు అంత దగ్గరగా వినపడుతూ అంత దూరంగా ఉండటం అంతకుముందు నాకు హాయిగా ఉండేది. ఆ రోజు మాత్రం చెమటలు పట్టాయి. ఆవిడ గేటు దాకా నాతోనే నడిచింది, దారంతా తన మోకాలి ఆపరేషన్ కథ చెబుతూ.

మణికట్టులో చిన్న చీలిక, కట్టుతో కొన్ని వారాలు. మా అత్తగారు పుత్తూరు కట్టే కట్టించాలని పట్టుబట్టడం, ఇంట్లో దాని మీద జరిగిన చర్చ ఇంకో కథ.

ఇప్పుడు నా పద్ధతి ఇది. గట్టి వాన పడితే రెండు రోజులు లోపలికి వెళ్లను. బయట, పార్కు కంచె పక్కన ఉన్న వాక్‌వే మీద నడుస్తాను. అక్కడ నేల గట్టి, మోకాళ్లకు మళ్లీ పాత గొడవే. కేన్సర్ హాస్పిటల్ చౌరస్తా దగ్గరికొచ్చేసరికి చెట్ల గాలి కంటే బస్సుల పొగే ఎక్కువ. లోపలికి వెళ్లే రోజుల కోసం అడుగున గాడులున్న బూట్లు కొన్నాను.

ఇంకో మాట, పచ్చదనం కోసమే వచ్చేవాళ్లకి. మార్చి నుంచి తొలకరి దాకా ఇది పచ్చగా ఉండదు. ఆకు రాలే అడవి కాబట్టి చాలామటుకు గోధుమరంగే, మధ్యలో బండరాళ్లు. నాకు బండలు కనిపించే ఆ కాలమూ నచ్చుతుంది. పైగా బాట పొడిగా ఉంటుంది. మా బావమరిది మాత్రం ఏప్రిల్‌లో ఒకసారి వచ్చి, ‘దీనికేనా బావా ఇంత బిల్డప్’ అని మళ్లీ రాలేదు.

మాకు గేటు పది నిమిషాల దూరం, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డ ఉద్యోగం, కాబట్టి నాకు కుదిరింది. కూకట్‌పల్లి నుంచో ఉప్పల్ నుంచో రోజూ రావాలంటే ట్రాఫిక్‌లో పోయే ఓపిక ఈ మట్టి తిరిగిస్తుందని నేను చెప్పలేను. ఆదివారాలు వచ్చి చూసుకోండి.

ఆ మలుపు దగ్గర మే నెల ఎండలో కూడా నేను రెండు చేతులూ చాచి, పొలం గట్టు మీద నడిచినట్టు నడుస్తాను. వెనక వచ్చేవాళ్లు నవ్వుకుంటారు. పెద్దావిడ నవ్వదు, తనూ అలాగే నడుస్తుంది.