క్రూయిజ్ నౌకా, ఆయిల్ రిగ్గా: సముద్రంపై వైద్య ఉద్యోగానికి ఏది మేలు?

సరుకు రవాణా నౌకల్లో డాక్టరు ఉద్యోగాలు ఉంటాయని చాలామంది ఆశపడతారు. దాదాపు ఉండవు. 2006 నాటి సముద్ర కార్మికుల ఒప్పందం ప్రకారం 100 మంది, అంతకు మించి ఉండి, మూడు రోజులు దాటి అంతర్జాతీయ ప్రయాణం చేసే నౌకకే డాక్టరు తప్పనిసరి. పాతిక మందితో తిరిగే కంటెయినర్ నౌకలో శిక్షణ పొందిన అధికారి ఒకరు మందులపెట్టె చూసుకుంటారు. చిక్కొస్తే ఒడ్డునున్న డాక్టర్లను అడుగుతారు. రోమ్‌లోని సి.ఐ.ఆర్.ఎం. అనే అంతర్జాతీయ రేడియో వైద్య కేంద్రం 1935 నుంచి ఇలాంటి సలహాలు ఉచితంగా ఇస్తోంది.

కాబట్టి ఎంచుకోవాల్సింది విహారయాత్రల క్రూయిజ్ నౌక, సముద్రంలో చమురు తవ్వే ఆయిల్ రిగ్గుల మధ్యే.

పెద్ద క్రూయిజ్ నౌకలో పక్కన తోటి డాక్టర్లు, నర్సులు ఉంటారు. ఈసీజీ, ఎక్స్‌రే, వెంటిలేటర్ ఉంటాయి. ప్రయాణికుల్లో వృద్ధులు ఎక్కువ. అర్ధరాత్రి ఒకాయన గుండెనొప్పితో వస్తే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడంతో పని తీరదు. నౌకను దగ్గరి రేవుకు మళ్లించాలా, హెలికాప్టర్ పిలవాలా అన్నది కెప్టెన్‌కు తేల్చి చెప్పాలి. గాలివానలో రోగిని తాడుతో పైకి లాగడమే ప్రాణాపాయం కావచ్చు. నోరోవైరస్ సోకితే వాంతులు, విరేచనాలు నౌకంతా పాకుతాయి. శానిటైజర్ దాన్ని సరిగా చంపదు, సబ్బుతో చేతులు కడిగించాల్సిందే.

రిగ్గుపై తరచుగా మెడిక్, అంటే వైద్యం చూసే మనిషి, ఒక్కరే. అక్కడికి చేరేది సాధారణంగా హెలికాప్టర్‌లో. అది నీళ్లలో బోల్తాపడితే బయటపడే శిక్షణ ముందే తీసుకోవాలి. చాలా రోజులు తాగునీటి పరీక్ష, వంటగది తనిఖీ, మందుల గడువు చూడటంతోనే గడుస్తాయి. ఆపైన ఒకనాడు పైపుల మధ్య నలిగిన చెయ్యితో మనిషి ఎదుట నిలబడతాడు. ఇంకో కష్టం ఉంది: ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పోతే కూడు పోతుందని బీపీని, ఛాతీ నొప్పిని దాచుకునేవాళ్లు. భోజనాల దగ్గర వాళ్లతో కలిసి కూర్చునే మెడిక్‌కే ఆ సంగతులు తెలుస్తాయి. నా దృష్టిలో ఆ ఉద్యోగంలో అతి విలువైన పని అదే.

క్యాజువాలిటీ అనుభవం తక్కువైతే నిస్సందేహంగా క్రూయిజే మేలు, సందేహమొస్తే అడగడానికి మనిషి ఉంటారు. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రం రిగ్గు. క్రూయిజ్ కాంట్రాక్టు నెలల తరబడి సాగుతుంది. రిగ్గుపై రెండు నుంచి నాలుగు వారాలు పని, అన్నే వారాలు సెలవు దొరికే చోట్లు ఎక్కువ. కాకపోతే రోగులు తక్కువ కాబట్టి చెయ్యి మొద్దుబారుతుంది. సెలవుల్లో కొన్ని రోజులు ఊళ్లో ఆసుపత్రి క్యాజువాలిటీలో డ్యూటీ చేయడానికి ముందే మాట్లాడుకుని వెళ్లండి.