ఇండియానా యూనివర్సిటీ ట్వీట్ల డేటాసెట్: పోటీలో వాడాక నా అభిప్రాయం

సోషల్ మీడియాలో యూదుల మీద విషం కక్కే పోస్టులను మెషిన్ లెర్నింగ్‌తో పట్టుకోవాలని ఒక స్టూడెంట్ పోటీ పెడితే, ఎమ్మెస్ చదువుతున్న మేం నలుగురం కలిసి చేరాం. దాని కోసం ఇండియానా యూనివర్సిటీ వాళ్ల డేటాసెట్ వాడాం. పరిశోధకులు తమ డేటాను అందరికీ పెట్టే జెనోడో వెబ్‌సైట్‌లో ఉంది. ఈ సబ్జెక్టులో ప్రాజెక్ట్ చేద్దామనుకునేవాళ్లు దాన్ని డౌన్‌లోడ్ చేసేముందు ఇది చదవండి.

2019 జనవరి నుంచి 2021 డిసెంబర్ దాకా వచ్చిన 6,941 ట్వీట్లు. ఒక్కోదాన్నీ సబ్జెక్టు తెలిసిన మనుషులే చదివి లేబుల్ వేశారు. 1,250 ట్వీట్లు యూదు వ్యతిరేకమని తేల్చారు, అంటే 18 శాతం. ఇక్కడే మొదటి గొయ్యి ఉంది, ఏ ట్వీట్ చూపించినా 'ఇందులో ఏం లేదు' అనే మోడల్‌కి కూడా 82 శాతం అక్యురసీ వచ్చేస్తుంది. మా పోటీలో మార్కులు అక్యురసీని బట్టే ఇచ్చారు, నాకు నిజంగా కోపం వచ్చింది. ఒక్క ద్వేషపు పోస్టునూ పట్టుకోలేని మోడల్ దర్జాగా పైకి పోతుంటే ఇక పోటీ దేనికి? ద్వేషపు పోస్టుల్లో ఎన్నింటిని పట్టుకుంది, పట్టుకున్నవాటిలో ఎన్ని నిజమైనవి అని రెండూ కలిపి చెప్పే ఎఫ్1 స్కోరు చూడాలి.

అసలు విషయం కీవర్డ్ కాలమ్‌లో ఉంది. నాలుగు మాటలు పెట్టి ట్వీట్లు వెతికారు. 'జ్యూస్' (Jews, అంటే యూదులు) అన్న మాటతో 4,605 దొరికితే యూదు వ్యతిరేకమైనవి 483 మాత్రమే. 'జయోనిస్టు', 'నాజీ' అన్న మాటలు కలిపేసిన 'జయోనాజీ' అన్న తిట్టుతో 529 దొరికితే అందులో 467. మోడల్ ఏం నేర్చుకుంటుందో చెప్పక్కర్లేదు, ఆ ఒక్క మాట కనిపిస్తే చాలు ద్వేషం అనేస్తుంది. మేం ఆ మాటను కప్పేసి మళ్లీ టెస్ట్ చేస్తే స్కోరు పడిపోయింది, అప్పటిదాకా మా మోడల్ వాక్యం చదువుతోందనే అనుకున్నాం! యూదులను తిట్టే ఇంకో పాత బూతుమాటతో 283 ట్వీట్లు ఉంటే వాటిలో 97 మాత్రమే ద్వేషం, ఎందుకంటే మిగతావాటిలో చాలామంది ఆ మాట వాడినవాళ్లను నిలదీస్తున్నారు. తిట్టినవాణ్ణి, ఆ తిట్టు తప్పన్నవాణ్ణి విడదీయడం నేర్పాలంటే ఈ భాగం బంగారం. నాకు డేటాసెట్‌లో బాగా నచ్చింది ఇదే.

ఇంకో తప్పు పూర్తిగా మాదే. మేం విడిగా పోగుచేసిన పోస్టుల్లో కొన్ని పేర్లకు అటు మూడు, ఇటు మూడు బ్రాకెట్లు ఉన్నాయి. ఫలానా మనిషి యూదుడని గుర్తు వేసి చూపించడానికి ద్వేషం వెళ్లగక్కేవాళ్లు వాడే సంకేతం అది. టెక్స్ట్ శుభ్రం చేసే కోడ్ రాసినప్పుడు అలవాటుగా పంక్చుయేషన్ మొత్తం తీసేశాం, దాంతో పట్టుకోవాల్సిన గుర్తే పోయింది. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది.

లేబుళ్లకు ఆధారం ఐహెచ్‌ఆర్‌ఏ (ఇంటర్నేషనల్ హోలోకాస్ట్ రిమెంబరెన్స్ అలయెన్స్) సంస్థ యూదు వ్యతిరేకతకు 2016లో ఆమోదించిన నిర్వచనం. అందులో ఇచ్చిన 11 ఉదాహరణల్లో ఎక్కువ భాగం ఇజ్రాయెల్‌కు సంబంధించినవే, అందుకే ఆ దేశం మీద చేసే విమర్శ కూడా ద్వేషం లెక్కలోకి పోతుందని అభ్యంతరం చెప్పేవాళ్లున్నారు. 2021లో జెరూసలెం డిక్లరేషన్ పేరుతో వేరే నిర్వచనం వచ్చింది కూడా. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, ఏ ట్వీట్ల దగ్గర మీకు లేబుల్‌తో పేచీ వస్తుందో తెలుస్తుంది.

మొత్తానికి కొనుక్కోమన్నా కొనేంత మంచి డేటా, వాడమనే చెప్తాను. తెలుగు కామెంట్లలో ద్వేషాన్ని గుర్తించే షేర్డ్ టాస్క్ (ఒకే డేటా మీద టీములన్నీ పోటీపడేది) 2024లో ద్రావిడ భాషల టెక్నాలజీ మీద జరిగే ద్రవిడియన్ లాంగ్‌టెక్ వర్క్‌షాప్‌లో జరిగింది, అటువైపు పోయేవాళ్లకు కూడా మాటను కప్పేసి చూసే ఈ కీవర్డ్ పరీక్ష పనికొస్తుంది. ఒక్కటి మాత్రం మర్చిపోవద్దు. మోడల్ తప్పులు చూడాలంటే ఆ పోస్టులన్నీ మనమే చదవాలి. మా టీంలో ఆ పని ఒకమ్మాయే చేసింది, మూడో రోజు రాత్రి ల్యాప్‌టాప్ మూసేసి 'ఇంక నా వల్ల కాదు' అంది. ఇలాంటి పోస్టులు చదవడం ఇంత కష్టమని పోటీ పెట్టినవాళ్లు ముందే హెచ్చరించాల్సింది, హెచ్చరించలేదు. మీరు మొదటి రోజు నుంచే వంతులు వేసుకోండి.