జూలియా చిత్రాలు: సైన్‌ను నమ్మవచ్చు, ఘాతీయంతో జాగ్రత్త

ఒక ప్రమేయాన్ని పదేపదే ప్రయోగించినప్పుడు (ప్రతి ప్రయోగం ఒక మెట్టు), ఆరంభ బిందువును రవ్వంత కదిపినా గమనం పూర్తిగా మారిపోయే బిందువుల సమితిని జూలియా సమితి అంటారు. బహుపదుల జూలియా సమితులు అలవాటైన తరువాత, రెండేళ్లుగా పైథాన్‌లో నమ్‌పై అనే గణన లైబ్రరీ సాయంతో సైన్, కొసైన్, ఘాతీయ ప్రమేయాల చిత్రాలు గీస్తున్నాను. వర్గ ప్రమేయానికి సాధారణంగా వాడే, మూలబిందువు నుంచి దూరం 2 దాటితే బిందువు అనంతానికి పారిపోయినట్లే అన్న పరీక్ష ఇక్కడ పనికిరాదని మొదటి వారంలోనే తెలిసింది. సైన్‌కైతే కల్పిత భాగం పరిమాణం 50 దాటిందా అని, ఘాతీయానికైతే వాస్తవ భాగం 50 దాటిందా అని చూడాలి. అదీ ప్రమేయాన్ని లెక్కించకముందే చూడాలి, ఎందుకంటే 64 బిట్ల సంఖ్యల్లో ఘాతాంకం 710కి చేరితే విలువ అనంతమైపోతుంది.

సైన్ మీద నాకు ఫిర్యాదేమీ లేదు. సైన్‌ను గుణించే స్థిరాంకం 1+0.2ఐ దగ్గర వచ్చే సుడులను ఇప్పటికీ విసుగు లేకుండా చూస్తాను. చరరాశికి ‘పై’ కలిపితే సైన్ విలువకు గుర్తు మాత్రమే మారుతుంది, అది బేసి ప్రమేయం కనుక ఆ మార్పు తరువాతి మెట్లలోనూ గుర్తుకే పరిమితమవుతుంది. కాబట్టి చిత్రం ‘2పై’ కాక ‘పై’ వెడల్పుకే పునరావృతమవుతుంది. ఇది గమనించడానికి నాకు ఆరు నెలలు పట్టిందని ఒప్పుకోక తప్పదు. ఇప్పుడు ఒక్క పట్టీని లెక్కించి పక్కపక్కన అతికిస్తున్నాను.

ఘాతీయంతోనే చిక్కంతా. ఘాతీయాన్ని గుణించే వాస్తవ గుణకం 0.3679 (ఒకటిని ‘ఈ’తో భాగిస్తే వచ్చే విలువ) దాటగానే జూలియా సమితి తలమంతా నిండిపోవాలి. కానీ 40 మెట్లతో 0.37కు గీసిన చిత్రం 0.36 చిత్రంలాగే, పారిపోని బిందువుల నల్లని ప్రాంతంతో ప్రశాంతంగా కనిపించింది. 1 దగ్గరి ఇరుకు దారిని దాటడానికే బిందువులకు యాభైకి పైచిలుకు మెట్లు పడుతున్నాయి. పరిమితిని 200కు పెంచాకే ఆ నల్లని ప్రాంతం చెదిరింది.

0.36 దగ్గర కూడా కళ్లను నమ్మకూడదు. తెరపై లావైన వేళ్లు కనిపిస్తాయి, కానీ ఈ గుణకానికి సమితి హౌస్‌డార్ఫ్ మితి (చిక్కని ఆకృతులకూ వర్తించే మితి కొలత) 2 అయినా వైశాల్యం మాత్రం సున్నా అని, సైన్ కుటుంబంలో వైశాల్యం ధనాత్మకమని 1987లో గణిత శాస్త్రవేత్త కర్టిస్ మెక్‌మల్లెన్ నిరూపించారు. వాస్తవ భాగం 50 దాటిన బిందువు కూడా పారిపోకుండా, మరుసటి మెట్టులో ఎడమవైపు విసిరివేయబడి, ఆపై సున్నా పక్కకు తిరిగి రావచ్చు. దానిని కనిపెట్టి చూద్దామంటే, విలువ 10 ఘాతం 21 స్థాయికి చేరాక పదహారు అంకెల ఖచ్చితత్వంతో కోణమే తెలియదు. అందుకని ఘాతీయ చిత్రం ఎవరికి ఇచ్చినా, హద్దు 50, మెట్లు 200 అని కిందనే రాసి ఇస్తున్నాను.