క్యూతో పన్నెండేళ్ళ కాపురం: వాడి చూశాక రాస్తున్న రివ్యూ

స్క్రాబుల్ అంటే ఇంగ్లిష్ అక్షరాల బిళ్ళలతో బోర్డు మీద మాటలు పేర్చే ఆట. అది ఆడేవాళ్ళకి క్యూ అక్షరం ఉన్న బిళ్ళ చేతికొస్తే సంతోషించాలో ఏడవాలో తెలీదు. 100 బిళ్ళల సంచిలో అది ఒక్కటే ఉంటుంది. విలువ 10 పాయింట్లు, జడ్‌తో సమానం. కానీ దాన్ని బోర్డు మీద దించాలంటే మామూలుగా పక్కన యూ ఉండాలి. యూలేమో సంచి మొత్తానికి నాలుగే. ఆట ముగిసేసరికి క్యూ మన దగ్గరే మిగిలిపోతే మన లెక్కలోంచి 10 పోతాయి, ముందుగా బిళ్ళలన్నీ అవగొట్టినవాళ్ళకి ఆ 10 కలుస్తాయి. ఒక్క బిళ్ళ వల్ల 20 పాయింట్ల తేడా! ఇలా పోగొట్టుకున్న ఆటల్ని లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను.

ఆ బాధ పడలేకే పన్నెండేళ్ళ కిందట క్యూ ఉన్న ఇంగ్లిష్ మాటల్ని ఒక నోట్‌బుక్‌లో రాసుకోవడం మొదలుపెట్టాను. ఇప్పుడది మూడో నోట్‌బుక్. బోర్డు మీద ఒక్కసారైనా ఆడిన మాట పక్కన టిక్ పెడతాను. ఇన్నేళ్ళు వాడాక ఆ మాటల్లో ఏవి ఆదుకున్నాయో, ఏవి ఊరికే చోటు ఆక్రమించాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మొదట్లో చేసిన తప్పు ఒప్పుకోవాలి. అర్థాల జోలికి పోకుండా స్పెల్లింగులు మాత్రం బట్టీ పట్టాను. ఆటలో అర్థం చెప్పాలన్న నియమం లేదు కదా అని ధీమా. ఇంట్లో కూచుని అప్పజెబితే అన్నీ వచ్చేవి. ఆట టెన్షన్‌లో మాత్రం క్యూ తర్వాత ఏ ముందా, ఐ ముందా అని చెయ్యి ఆగిపోయేది. అర్థం తెలియని మాట రెండు నెలలు వాడకపోతే ఎలా వచ్చిందో అలాగే పోయింది. మొదటి నోట్‌బుక్ దాదాపు దండగే.

అన్నిటికంటే పనికొచ్చిన మాట రెండక్షరాలది: క్యూ, ఐ. పలకడం 'చీ'. చైనావాళ్ళ ఆలోచనలో ఒంట్లో ప్రసరించే ప్రాణశక్తికి అది పేరు. దాన్ని మొదటిసారి బోర్డు మీద పెట్టి గట్టిగా చదివితే మా తమ్ముడు మొహం మాడ్చుకున్నాడు.

"ఏంటక్కా, ఆట సరిగ్గా ఆడట్లేదనా?"

"నిన్ను కాదురా, అది మాట!"

ఉత్తర అమెరికా టోర్నమెంట్లలో చెల్లే మాటల జాబితాలోకి ఈ మాట 2006లో వచ్చింది. అంతకుముందు వాళ్ళు క్యూతో ఎలా వేగారో పాపం. మామూలుగా ఆడితే వచ్చేది 11 పాయింట్లే. అయితే క్యూని ట్రిపుల్ లెటర్ గడిలో, అంటే అక్షరం విలువని మూడు రెట్లు చేసే గడిలో పెట్టి, అడ్డంగా ఒక చీ, నిలువుగా ఒక చీ వచ్చేలా చూసుకుంటే 62. ఈ కిటుకు తెలిశాక ఐ బిళ్ళని ఊరికే ఖర్చుపెట్టడం మానేశాను.

ఆ తర్వాత యూ అక్కర్లేని మాటల దండు మొదలవుతుంది. ఇక్కడ నాకు సిగ్గేసిన మాట నిజం. ఫకీర్, తలాక్, బుర్ఖా, నికాబ్, ఖవ్వాలీ, వక్ఫ్. వీటిని నేను పరాయి మాటల్లా బట్టీ పట్టాను! అరబ్బీలో గొంతు లోపలి నుంచి పలికే 'ఖాఫ్' అనే అక్షరం ఉంది. దాన్ని ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు క్యూ పెడతారు, అంతే. అది 'క్వ' శబ్దం కాదు కాబట్టి యూతో పనిలేదు. మనకి ఆ శబ్దం లేక ఒకచోట క, ఇంకోచోట ఖ పెట్టి సర్దుకున్నాం. ఈ సంగతి తెలిసిన రోజు పదిహేను మాటలు ఒక్కసారిగా బుర్రలో కూచున్నాయి. ఉత్తర అమెరికా బయట ఎక్కువగా వాడే కొలిన్స్ జాబితాలో ఇంక్విలాబ్ కూడా ఉంది. విప్లవం అనే అర్థంతోనే.

అయితే తెలిసినట్టు కనిపించే మాటే ముంచుతుంది. క్యూ, ఏ, ఐ, డీ అనే నాలుగక్షరాల మాట ఒకటుంది. అర్థం అడిగితే "ఖైదు" అని ధైర్యంగా చెప్పాను. తీరా నిఘంటువు తీస్తే నాయకుడు, పెద్ద అని ఉంది. అరబ్బీలో ఆ రెండూ వేరు వేరు ధాతువుల నుంచి వచ్చాయట. పాయింట్లు వచ్చాయి గానీ పరువు పోయింది.

ఈ దండులో నాకు బాగా ఇష్టమైనది ఖనాత్. ఇరాన్‌లో నేల కింద తవ్వే నీటి సొరంగం. కొండ పాదం దగ్గర తల్లిబావి తవ్వి, అక్కణ్ణుంచి పల్లానికి సన్నటి వాలుతో సొరంగం తీసుకెళ్తారు. మధ్య మధ్యలో గాలికీ మట్టి తీయడానికీ బావులు. పంపు లేదు, మోటారు లేదు, నీళ్ళు వాటంతటవే ఊళ్ళోకి వస్తాయి. 2016లో ఇరాన్‌లోని 11 ఖనాత్‌లని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అయిదక్షరాల మాట వెతుక్కుంటూ వెళ్ళి ఒక పూటంతా సొరంగాల గురించి చదువుతూ కూచున్నాను. నోట్‌బుక్ వల్ల అసలు లాభం ఇలాంటి పూటలే.

యూ ఎందుకు తోడుండాలన్న ప్రశ్నకి జవాబు కూడా ఇలాగే దొరికింది. పాత ఇంగ్లిష్‌లో క్వీన్‌ని సీ, డబ్ల్యూ, ఈ, ఎన్ అని రాసేవాళ్ళు. 1066లో నార్మన్లు ఇంగ్లండుని గెలిచాక, ఫ్రెంచి పద్ధతికి అలవాటుపడిన రాయసగాళ్ళు ఆ సీ, డబ్ల్యూ తీసేసి క్యూ, యూ పెట్టారు. నేను ఓడిపోయిన ఆటలన్నిటికీ వాళ్ళనే తిట్టుకుంటాను. ఇక కోఫ్ అనే మాట 18 పాయింట్లది. హీబ్రూలో ఒక అక్షరం పేరు. ఫినీషియన్ల దగ్గర అదే పేరుతో ఉన్న అక్షరం గ్రీకులకి కొప్పాగా వెళ్ళి, రోమన్ల చేతిలో క్యూ అయింది. కోఫ్ ఆడుతున్నామంటే క్యూ బిళ్ళతో దాని తాతగారి పేరు రాస్తున్నట్టే.

డబ్బు పేర్లు కొన్నున్నాయి. కిందార్కా అల్బేనియా లెక్‌లో వందో వంతు, కపిక్ అజర్‌బైజాన్ మనాత్‌లో వందో వంతు. కపిక్ 2018లో అమెరికా స్క్రాబుల్ నిఘంటువులో చేరింది. గుర్తుపెట్టుకోవడానికి వీటిలో పట్టు ఏమీ లేదు. తరచూ మర్చిపోతాను.

రెండో నోట్‌బుక్ నుంచి పద్ధతి మార్చాను. ప్రతి మాట పక్కన నిఘంటువు అర్థం రాయను, ఆ సందర్భంలో మనం నోటితో ఏమంటామో అది రాస్తాను. క్వైర్ అంటే 24 కాగితాల కట్ట అని ఉంటుంది, కొన్నిచోట్ల 25. మన దస్తానే కదా! అలాంటి దస్తాలు ఇరవై అయితే రీము. క్వాండమ్ అంటే మాజీ. క్వాఫ్ అంటే గటగటా తాగెయ్యడం. క్విబుల్ దగ్గర మాత్రం చాలాసేపు నవ్వుకున్నాను, కోడిగుడ్డు మీద ఈకలు పీకడానికి అంతకంటే సరైన ఇంగ్లిష్ మాట లేదు. క్వామ్ అంటే తప్పు పని చేసేముందు మనసు పీకడం. క్వెర్న్ అంటే తిరగలి. ఇలా రాసుకున్నది ఒక్కటి కూడా మర్చిపోలేదు.

క్విడ్‌నంక్ ఇంకా బాగుంటుంది. లాటిన్‌లో 'ఇప్పుడేంటి?' అని అడగడం. ఎప్పుడు కనిపించినా "ఏంటి విశేషాలు?" అంటూ కబుర్ల కోసం ప్రాణం తీసే మనిషికి అదే పేరయింది. క్విన్‌కంక్స్ అంటే పాచిక మీద అయిదు చుక్కల్లా నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి ఉండే అమరిక. క్విస్లింగ్‌కి విభీషణుడు అని రాసి కొట్టేశాను. విభీషణుడి పక్షాన ధర్మం ఉంది. విద్కున్ క్విస్లింగ్ 1940లో నార్వే మీద పడ్డ నాజీలతో చేతులు కలిపి, యుద్ధం అయ్యాక 1945లో మరణశిక్షకి గురైనవాడు. ఇంటిపేరే ద్రోహికి మారుపేరైపోయింది. దీనికి ఇప్పటికీ సరైన జోడీ దొరకలేదు. క్వాగా పక్కన ఏమీ రాయలేదు. వెనక సగం చారలు కనిపించని దక్షిణాఫ్రికా జీబ్రా అది. చిట్టచివరిది 1883 ఆగస్టు 12న ఆమ్‌స్టర్‌డామ్ జూలో చచ్చిపోయింది.

క్యూతో పెద్ద స్కోర్లు వస్తాయా అంటే, నాకు రాలేదు గానీ వచ్చినవాళ్ళున్నారు. 1982లో మాంచెస్టర్‌లో కార్ల్ ఖోష్నావ్ కజీక్స్ అనే ఎనిమిదక్షరాల మాటతో ఒక్క ఎత్తులో 392 పాయింట్లు కొట్టాడు. వెస్టిండీస్ ప్రాంతపు మూలవాసుల నాయకులని అర్థం. ఆ మాట అక్షరాల విలువ కూడితే 28. మాట మొత్తాన్ని మూడు రెట్లు చేసే ట్రిపుల్ వర్డ్ గడులు రెండు కలిస్తే తొమ్మిది రెట్లు, పైగా ఏడు బిళ్ళలూ దించినందుకు 50. ఎంత కూడినా 302 దగ్గరే ఆగిపోయాను. చివరికి తట్టింది, క్యూ డబుల్ లెటర్ గడిలో పడితే 28 కాస్తా 38 అవుతుంది, లెక్క సరిపోతుంది! 2006లో అమెరికాలో మైకేల్ క్రెస్టా క్విక్సాట్రీతో 365 కొట్టాడు. గాలిమరల మీద యుద్ధానికి వెళ్ళే బాపతు అమాయకపు వీరావేశం అని అర్థం. ఆ లెక్క మీరే వేసుకోండి, అక్కడ డబుల్ అయింది క్యూ కాదు.

ఇక ఫిర్యాదులు. పలకడంలో ఈ మాటలకి నీతీ జాతీ లేదు. ఓడలు ఆగే గట్టుని ఏళ్ళ తరబడి 'క్వే' అన్నాను, అది 'కీ' అట. మనం వరసలో నిలబడే క్యూలో అయిదక్షరాలుంటే పలికేది మొదటిదాన్నే. పైగా ఉత్తర అమెరికాది ఒక జాబితా, మిగతా చోట్ల ఎక్కువగా కొలిన్స్. మీరూ ఎదుటివాళ్ళూ ఏ జాబితా ప్రకారం ఆడుతున్నారో ముందే తేల్చుకోకపోతే గొడవ ఖాయం. మాటల్లో వాడదామా అంటే, ఒకసారి ఇంగ్లిష్ ఈమెయిల్‌లో క్వాండమ్ అని రాస్తే అచ్చుతప్పు అనుకుని దిద్ది పంపారు.

అయినా అయిదుకి నాలుగు ఇస్తాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు చీ, ఖాట్, సూక్, ఈ మూడూ ముందు నేర్చుకోండి. ఖాట్ (క్యూ, ఏ, టీ) అంటే యెమెన్ వైపు నమిలే మత్తు ఆకు, సూక్ (ఎస్, యూ, క్యూ) అంటే అరబ్బుల అంగడి. మామూలు ఆటలకి ఇవి చాలు.

కిందార్కా పక్కన ఇంకా టిక్ పడలేదు. పోయినవారం ఆటలో యూ పట్టుకుని కూచుని క్యూ కోసం ఎదురుచూస్తున్నాను. అది మా తమ్ముడికి వెళ్ళింది. వాడికి నోట్‌బుక్ లేదు, పట్టిక లేదు. తాపీగా క్వెర్న్ దించి, డబుల్ వర్డ్‌తో 28 రాసుకున్నాడు.

"దాని అర్థం తెలుసా నీకు?" అన్నాను ఉక్రోషంగా.

"తిరగలి. నువ్వే కదక్కా చెప్పావు."