ఇంటి ముందు గడ్డికి, మొక్కలకు ఏ మట్టి తోలించుకోవాలి? ఎర్రదా, నల్లదా, చెరువుదా?

కర్నూల్లో గృహప్రవేశం అయిపోయి, చుట్టాలంతా వెళ్లిపోయి, గేటు దగ్గర మిగిలిన కంకర కుప్ప మీద కుక్కలు పడుకోవడం మొదలుపెట్టాక ప్రతి ఇంట్లోనూ ఒక మాట లేస్తుంది. ముందర కాస్త గడ్డి పెంచుకుందాం, రెండు గులాబీలు, ఒక కరివేపాకు చెట్టు పెట్టుకుందాం, నాలుగు ట్రాలీలు మట్టి తోలిస్తే అయిపోతుంది కదా అని. ట్రాక్టర్ అతనికి ఫోన్ చేస్తే అతను మొదట అడిగేది "ఎర్రదా, నల్లదా?" అని. ఆరేళ్ల కిందట నేను "ఏది మంచిదైతే అది వెయ్యన్నా" అన్నాను. ఆ ఒక్క మాటకు రెండు ఎండాకాలాలు, ఒక లాన్, బోలెడంత కూలి డబ్బు పోయాయి.

చివరిదాకా చదివే ఓపిక లేనివాళ్ల కోసం నా తీర్పు ముందే చెప్పేస్తాను. గడ్డికి ఎర్రమట్టి. మొక్కల మడులకు ఎర్రమట్టిలో చెరువు మట్టి కలిపి. నల్లమట్టి కొనొద్దు, ఊరికే పోస్తామన్నా ప్రహరీ గోడ పక్కకు రానివ్వొద్దు. నర్సరీ సంచుల మట్టి కుండీలకే. ఇక ఎందుకో చెప్తాను.

నల్లరేగడి అంటే మనవాళ్లకు గౌరవం, ఉండాలి కూడా. నంద్యాల, కోవెలకుంట్ల, ఆదోని వైపు పత్తి, శనగ దాని మీదే పండుతాయి, వానలు వెనక్కి పోయాక కూడా లోపల దాచుకున్న పదును మీదే శనగ గట్టెక్కుతుంది. అందుకే "నల్లది బలం సార్" అని ట్రాక్టర్ అతను అంటే నేను ఎదురు చెప్పలేదు, అదే పోయించుకున్నాను. అయితే పొలంలో నేల పగిలితే రైతు పెద్దగా పట్టించుకోడు, వాన పడగానే మూసుకుంటుంది. ఇంటి ముందు పగిలితే కథ వేరు. ఆ మట్టిలో ఉన్న బంకమన్ను నీళ్లు తాగినప్పుడు ఉబ్బుతుంది, ఎండినప్పుడు ముడుచుకుంటుంది, ప్రతి ఏడూ అదే పని. మొదటి ఏప్రిల్‌లోనే మా లాన్ నెర్రెలు ఇచ్చింది. మా చిన్నోడి గోలీ ఒకటి అందులోకి దొర్లిపోతే చీపురుపుల్ల పెట్టి వెతికాం, పుల్ల మొత్తం లోపలికి పోయింది గానీ గోలీ తగల్లేదు. గడ్డి వేళ్లు ఆ పగుళ్ల అంచుల్లో దారాల్లా తెగి వేలాడుతున్నాయి. పైపు పెడితే నీళ్లన్నీ నెర్రెల్లోకే దిగిపోతాయి, పక్కనున్న గడ్డి ఎండుతూనే ఉంటుంది. జూలైలో వానలకు అదంతా మూసుకుపోయి ఈసారి చెప్పులకు రెండేసి కిలోల బురద. గోడకు ఆనించి మడి కట్టిన చోట ప్రహరీ మీద సన్నగా బీట కూడా వచ్చింది. గోడ మరీ లేతగా కట్టారేమో, కానీ మట్టి లేని వైపు గోడకు ఏమీ కాలేదు మరి.

అసలు సంగతి ఇంకొకటి ఉంది, అది నాకు తర్వాత తెలిసింది. నాకు వచ్చింది పొలం పైమట్టి కాదు, ఎవరిదో ఇంటి పునాది తవ్విన మట్టి. జాడీలో మాగాయ ముక్కల్లా మధ్యమధ్య తెల్లటి సున్నపు గడ్డలు. అలాంటి మట్టిలో సున్నం ఎక్కువగా ఉంటే ఇనుము ఉన్నా మొక్కకు అందదు, అందుకే కొత్త ఆకులు పసుపు రంగుకు పాలిపోయి ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. శనక్కాయ రైతులు దీనికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కొడతారు, లీటరు నీళ్లకు 5 గ్రాములు, దాంతో పాటు 1 గ్రాము నిమ్మ ఉప్పు. నేనూ కొట్టాను. పది రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది, ఎందుకంటే రోగం ఆకులో లేదు, అడుగున ఉంది. కొనేముందు ఒక చిన్న పని చేయండి: మట్టి గడ్డ మీద నాలుగు చుక్కల వెనిగర్ పోసి చూడండి, బుసబుసమని నురగ వస్తే ఆ ట్రాక్టర్‌ను అలాగే వెనక్కి తిప్పించండి.

"నల్లమట్టిలో కాస్త ఇసుక కలిపితే గుల్లగా అవుతుంది కదా" అని ఒకాయన సలహా ఇచ్చాడు, పాపం మంచి మనసుతోనే. కాస్త కలిపితే గుల్ల కాదు, గట్టిపడి ఇటుకలా తయారవుతుంది. తేడా కనిపించాలంటే మట్టి కన్నా ఇసుకే ఎక్కువ పోయాలి, అంత ఇసుక కొనే డబ్బుతో ఎర్రమట్టి రెండుసార్లు తోలించుకోవచ్చు. మీ స్థలమే నల్లనేల అయితే మాత్రం గాబరా పడొద్దు. దాన్ని తవ్వి పారేయకుండా పైన ఎత్తుగా మడి కట్టుకుని ఎరువు దండిగా వేసుకుంటూ పోతే మూడేళ్లలో లొంగుతుంది. బోరు నీళ్లు ఉప్పుగా ఉండి నేల మీద తెల్లగా పేరుకుంటోంది అంటే అది చౌడు వైపు పోతున్నట్టు. అప్పుడు జిప్సం ఎంత వేయాలన్నది అంచనా మీద కాదు, భూసార పరీక్ష చేయించుకుని వేయాలి. యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానంలో గానీ అడిగితే దారి చెప్తారు.

ఇక ఎర్రమట్టి. డోన్, వెల్దుర్తి, పత్తికొండ వైపు నేలలు చూసినవాళ్లకు దీని గుణం తెలుసు. బలం తక్కువ, నీళ్లు నిలుపుకోదు, వాన పడి ఎండ కాస్తే పైన పెచ్చు కడుతుంది. ఇన్ని లోట్లున్నా లాన్‌కు ఇదే ఎందుకంటే, దీని లోట్లన్నీ మనం పూడ్చుకోగలిగినవి. బలం తక్కువైతే ఎరువు వేస్తాం, నీళ్లు నిలవకపోతే ఇంకో తడి ఇస్తాం, పెచ్చు కడితే పార అంచుతో గీరుతాం. నల్లమట్టి ఉబ్బడాన్ని మాత్రం ఎవరమూ ఆపలేం. పైగా వాన వెలిసిన గంటకే దీని మీద నడవొచ్చు.

కానీ ఎర్రగా ఉన్నదంతా ఎర్రమట్టి కాదు, ఇక్కడే మోసపోతారు. రోడ్లకు, పునాదుల్లో నింపడానికి వాడే మొరం కూడా ఎర్రగానే ఉంటుంది, అదే ట్రాక్టర్‌లో అదే మనిషి తెస్తాడు. అది రాళ్లూ గరుసూ, అందులో గరిక కూడా ఏడుస్తూ పెరుగుతుంది. రెండోసారి నేను గేటు దగ్గర హార్లిక్స్ సీసాతో నిలబడ్డాను. ట్రాలీ వెనక తలుపు తీయకముందే మూడు చోట్ల నుంచి గుప్పెడు గుప్పెడు తీసి, సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు, చిటికెడు బట్టల సబ్బు పొడి వేసి ఊపాను.

"ఏంటికి సార్ ఇన్ని పరీక్షలు, మట్టే కదా" అన్నాడు డ్రైవర్.

"మట్టే అన్నా, పోయినసారి కూడా మట్టే అన్నారు" అన్నాను.

నిమిషంలో రాళ్లూ ఇసుకా కిందకు దిగిపోయాయి, పైన నీళ్లు ఎర్రగా టీ రంగులో. అడుగున రెండు వేళ్ల మందం ఉత్త గులకరాళ్లే. మాట్లాడకుండా సీసా అతని చేతికిచ్చాను. అతను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది వేరే వాళ్లకు పోయాల్సింది సార్, పొరపాటున ఇటు వచ్చింది" అని నవ్వేశాడు. మరుసటి రోజు తెచ్చింది బాగుంది. ఆ సీసాను కదపకుండా ఒకటి రెండు రోజులు ఉంచితే పొరలన్నీ తేలతాయి: అడుగున ఇసుక, మధ్యలో ఒండ్రు, పైన బంక. ఇసుక సగం, బంక పావు లోపు ఉంటే లాన్‌కు అంతకన్నా ఏం కావాలి.

చెరువు మట్టి గురించి చెప్పాలంటే ముందు 2009 చెప్పాలి. ఆ అక్టోబరులో తుంగభద్ర, హంద్రి ఊళ్లోకి వచ్చిపోయాక పాత ఇంట్లో మిగిలిన ఒండ్రును పారలతో ఎత్తిపోశాం, పెరట్లో మాత్రం ఎత్తలేక వదిలేశాం. మరుసటి ఏడు అక్కడ బొప్పాయి ఎలా కాసిందంటే వీధంతా పంచాం. ఆ వరద మిగిల్చిన మంచి ఏదైనా ఉందంటే అదొక్కటే. ఒండ్రు బలం అప్పుడు చూశాను. అదే ఒండ్రు ఎండాక గడ్డపారకు కూడా లొంగకపోవడమూ అప్పుడే చూశాను. కాబట్టి చెరువు మట్టి ఒక్కటే పోస్తే అది నల్లమట్టికి తమ్ముడే. ఎర్రమట్టిలో కలిపితేనే దాని విలువ తెలుస్తుంది, నీళ్లు నిలుపుకోలేని దానికి నిలుపుకునే గుణం ఇస్తుంది. ఎండాకాలం చెరువు ఎండితే రైతులు బండ్లు కట్టుకుని పూడిక మట్టి ఎర్రచేలకు తోలుకునేది ఇందుకే.

చెరువు మట్టితో వచ్చే తలనొప్పి తుంగ అనే కలుపు. మట్టిలో శనగగింజంత గడ్డ ఒకటి ఉన్నా చాలు, పైన పీకితే తెగిపోయి కింద నుంచి రెండు లేస్తాయి. లాన్‌లో తుంగ పడిందంటే ఇక అది మీ ఇంటి మనిషే. అందుకే చెరువు మట్టి తెచ్చిన రోజే పరిచేయకండి. మూలన కుప్ప పోసి, తడిపి, మూడు వారాలు వదిలేయండి, మొలిచిన తుంగను గడ్డతో సహా ఏరేయండి, తర్వాతే కలపండి. లాన్‌కు అసలు వాడొద్దు, మడులకే. డ్రైనేజీ కలిసే కుంటల మట్టి తీసుకోకండి. చెరువులో తవ్వడానికి అనుమతి ఉందా అని తోలేవాడిని అడగండి, నీళ్లు నమిలితే వదిలేయండి.

నర్సరీ సంచుల మట్టి మీద పెద్దగా చెప్పేదేం లేదు. ఒక సంచి విప్పితే ఘనపుటడుగు అటూ ఇటూ వస్తుంది, చిన్న లాన్‌కే వందకు పైగా సంచులు కావాలి. కొబ్బరి పొట్టు 5 కిలోల దిమ్మ నానబెడితే 70 లీటర్ల దాకా ఉబ్బుతుంది, అంటే రెండున్నర ఘనపుటడుగులు. మిద్దె మీద కుండీలకు తేలికగా ఉంటుంది కాబట్టి అక్కడ వాడుకోండి. నేల మీద పోస్తే మాత్రం డబ్బును మట్టిలో పోసినట్టే, మాటవరసకు కాదు, నిజంగానే.

ఎంత తెప్పించాలనే లెక్క దగ్గర చాలామంది ట్రాలీలు వేళ్ల మీద లెక్కపెడతారు, టేప్ తీయరు. మా ముందు స్థలం 20 అడుగులు, 15 అడుగులు. అణిగాక నాలుగు అంగుళాల మందం ఉండాలంటే 100 ఘనపుటడుగులు, ఇసుక, కంకర వాళ్లు దీన్నే ఒక యూనిట్ అంటారు. వదులుగా పోసిన మట్టి తడి తగిలాక అయిదో వంతు దాకా అణుగుతుంది, కాబట్టి 125. పదడుగులు, మూడడుగులు, అడుగు లోతు మడులు రెండు ఉంటే ఇంకో 60. నాకు వచ్చిన ట్రాలీని కొలిస్తే పొడవు 10, వెడల్పు 6, ఎత్తు ఒకటిన్నర, అంచు దాకా నింపితే 90. అంటే రెండు ట్రాలీల కన్నా కొంచెం ఎక్కువ, నాలుగు కాదు. డబ్బులు మట్టికి కన్నా దూరానికే ఎక్కువ అవుతాయి, అందుకని పక్కింటివాళ్లకు కూడా కావాలేమో అడిగి ఒకేసారి తెప్పించుకుంటే కిరాయి కలిసొస్తుంది. తడిగా ఉన్నప్పుడు తెప్పిస్తే బరువూ బురదా తప్ప లాభం లేదు.

పోసే ముందు కింద నేలను గడ్డపారతో అరడుగు లేపి సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు, ఇనుప చువ్వలు ఏరేయండి. మేస్త్రీలు తొక్కి తొక్కి బండలా చేసిన నేల మీద మంచి మట్టి పరిస్తే నీళ్లు ఆ రెండింటి మధ్యే నిలిచి వేళ్లు కుళ్లిపోతాయి. పాత మట్టినీ కొత్త మట్టినీ కొంచెం కలిపాకే పైన పరచాలి. ఇంటి గోడ వైపు మట్టి, గచ్చు మట్టం కన్నా అరడుగు కిందే ఆగిపోవాలి, లేకపోతే లోపల పెయింటు ఉబ్బుతుంది.

ఎరువు విషయంలో పిసినారితనం వద్దు. లాన్ మీద అంగుళం మందం, అంటే మా స్థలానికి 25 ఘనపుటడుగులు. మడులకు ఎర్రమట్టి రెండు పాళ్లు, చెరువు మట్టి ఒకటి, పశువుల ఎరువు ఒకటి. ఎరువు బాగా మాగి ఉండాలి, కుప్పలో చెయ్యి పెడితే వేడి తగలకూడదు, పేడ వాసన రాకూడదు. పచ్చిది వేస్తే చెదలూ వేరు పురుగూ భోజనానికి వచ్చేస్తాయి. నేను రెండు దోసిళ్లు వేపపిండి కూడా కలుపుతాను. గొర్రెల ఎరువు దొరికితే పశువుల ఎరువులో సగమే వేయండి, వేడి చేస్తుంది. మడుల మీద బుడ్డల (శనక్కాయల) పొట్టు పరిస్తే మే నెలలో కూడా కింద తడి ఉంటుంది.

గడ్డి విషయానికి వస్తే, మెక్సికన్ గడ్డి ఫోటోల్లో బాగుంటుంది, మా బోరు చూసి నేను మానుకున్నాను. ఎండ తగిలే చోట గరిక జాతి బెర్ముడా వేశాను. జూలై వానలకు నాటితే ఆగస్టు చివరికి కమ్ముకుంది. మట్టి మాత్రం ఏప్రిల్, మేలోనే తెప్పించి కుప్పలు పోసుకోవాలి, వానలు మొదలయ్యాక చెరువు మట్టి రాదు, ట్రాక్టర్లు సేద్యానికి వెళ్లిపోతాయి, ఫోన్ చేస్తే "వచ్చే వారం సార్" అంటారు.