ఆస్ట్రేలియా స్టూడెంట్ వీసా రిజెక్ట్ అయితే ఏది మేలు: ట్రిబ్యునలా, కొత్త అప్లికేషనా?

రిఫ్యూజల్ లెటర్ రాగానే అందరూ కారణాల దగ్గరే ఆగిపోతారు. రివ్యూ హక్కుల గురించి రాసిన భాగం ముందు చదవండి. హైదరాబాద్‌లోనో గుంటూరులోనో ఉండి సబ్‌క్లాస్ 500 వీసాకు (అంటే స్టూడెంట్ వీసాకు) అప్లై చేసినవాళ్లకు మామూలుగా ట్రిబ్యునల్‌కు, అంటే వీసా నిర్ణయాలను మళ్లీ పరిశీలించే సంస్థకు, వెళ్లే హక్కే ఉండదు. ఎవరైనా ఏజెంట్ "అప్పీల్ వేద్దాం, ఫీజు కట్టండి" అంటే, ఆ హక్కు లెటర్‌లో ఎక్కడుందో చూపించమనండి. చాలా ఇళ్లలో ఆ డబ్బు అప్పు చేసి తెచ్చినదే. వాళ్లకు దాదాపుగా మిగిలేది కొత్త అప్లికేషనే.

కాబట్టి ఈ ప్రశ్న ముఖ్యంగా ఆస్ట్రేలియాలోనే ఉండి అప్లై చేసి, "చదువు కోసం తాత్కాలికంగా ఉండే ఉద్దేశం కనబడలేదు" అనే కారణంతో రిజెక్ట్ అయినవాళ్లది.

ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే గడువు 28 రోజులు. ఒక్కరోజు దాటినా తలుపు మూసుకున్నట్టే. ఫీజు దాదాపు 3,500 ఆస్ట్రేలియన్ డాలర్లు. గెలిస్తే సగం తిరిగి వస్తుంది, చేతిలో డబ్బు లేదని నిరూపిస్తే మొదటే సగం తగ్గిస్తారు. ఇంత ఖర్చుకూ ఒక విలువ ఉంది. ట్రిబ్యునల్ పాత నిర్ణయంలో తప్పులు వెతికి ఊరుకోదు, కేసు మొత్తాన్ని కొత్తగా చూస్తుంది. అప్పుడు పెట్టని కాగితాలు ఇప్పుడు పెట్టొచ్చు. ఆలోగా బ్రిడ్జింగ్ వీసా (నిర్ణయం వచ్చేదాకా ఉండనిచ్చే తాత్కాలిక వీసా) మీద అక్కడే ఉండొచ్చు.

కానీ ఏడాది దాటినా తీర్పు రాకపోవచ్చు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. నిర్ణయం తీసుకునే రోజున మీరు కోర్సులో చేరి ఉండాలి. టెన్షన్‌లో చదువు మానేసి, సీఓఈ (కోర్సులో చేరినట్టు కాలేజీ ఇచ్చే పత్రం) రద్దయ్యాక కేసు నిర్ణయానికి వస్తే, మీ ఉద్దేశం ఎంత నిజమైనదైనా కేసు అక్కడే పోతుంది. మధ్యలో ఊరికి రావాల్సి వస్తే ముందుగా బ్రిడ్జింగ్ వీసా బి (బయటికి వెళ్లి తిరిగి రానిచ్చే రకం) తీసుకోవాలి. ఏ వీసా మీద ఉన్నారో చూసుకోకుండా విమానం ఎక్కొద్దు.

ఇక రెండో దారి. రిజెక్ట్ అయ్యాక అక్కడే ఉండి మళ్లీ స్టూడెంట్ వీసాకు అప్లై చేయడానికి ఆస్ట్రేలియా వలస చట్టంలోని సెక్షన్ 48 సాధారణంగా ఒప్పుకోదు, బయటికి రావాలి. 2025 జూలై నుంచి అప్లికేషన్ ఫీజు 2,000 డాలర్లు, రిజెక్ట్ అయినా తిరిగి ఇవ్వరు. పాత రిఫ్యూజల్‌ను తప్పకుండా చెప్పాలి. దాచితే మూడేళ్ల నిషేధం దాకా పోవచ్చు.

ఇందులో ఒక లాభం ఉంది. 2024 మార్చి 23 నుంచి పెట్టే అప్లికేషన్లకు పాత జీటీఈ (తాత్కాలికంగా ఉండే ఉద్దేశాన్ని చూసే నియమం) బదులు 'జెన్యూన్ స్టూడెంట్' నియమం వర్తిస్తుంది. తిరిగి వెళ్తారా లేదా అన్నదానికన్నా, ఈ కోర్సు ఎందుకు, ఈ కాలేజీ ఎందుకు, దీనితో మీకేం వస్తుంది అన్నవే అందులో ముఖ్యమైన ప్రశ్నలు. ఆ తేదీకి ముందు పెట్టిన అప్లికేషన్ అయితే ట్రిబ్యునల్‌లో కూడా జీటీఈ కిందే తేలుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. క్లాసులకు సరిగ్గా వెళ్తూ, మార్కులు ఉండి, అప్పుడు సరిగ్గా రాయలేకపోయామే అనిపించేవాళ్లకు ట్రిబ్యునలే మేలు. మాస్టర్స్‌కు వెళ్లి, ఫీజు తక్కువని ఒక డిప్లొమా, దాని తర్వాత మరొకటి అంటూ మారినవాళ్లు ఆ మార్పులకు కారణం కాగితాలతో చూపించగలరా అని నిజాయితీగా ఆలోచించాలి. చూపించలేకపోతే ఆ 3,500 డాలర్లు, ఆ ఏడాది మిగుల్చుకుని ఇంటికి రావడమే నయం. చదివినదానికి తగిన ఉద్యోగం కొంతకాలం చేసి, దానికి సరిపోయే కోర్సుతో మళ్లీ అప్లై చేయొచ్చు.

ట్రిబ్యునల్‌లో ఓడితే కోర్టుకు 35 రోజుల్లో వెళ్లొచ్చు. కానీ కోర్టు వీసా ఇవ్వదు. చట్టపరమైన తప్పు ఉందా అనే చూస్తుంది, ఉంటే కేసును మళ్లీ ట్రిబ్యునల్‌కే పంపుతుంది. అలాంటి తప్పు ఫలానా చోట ఉందని లాయర్ రాసి ఇస్తే తప్ప అటు వెళ్లొద్దు.